ప్రైమ్95 ఆగిపోతా ఉందా, ఎర్రర్లు వస్తున్నాయా: సమస్య - పరిష్కారం

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు నుంచి జింప్స్‌లో (ఎవరి కంప్యూటర్‌తో వాళ్లు కలిసి పెద్ద పెద్ద ప్రధాన సంఖ్యల్ని వెతికే ప్రాజెక్టు, దానికి వాడే సాఫ్ట్‌వేరే ప్రైమ్95) చేరే పిల్లోళ్లు చాలామంది మొదటి ఎండాకాలంలోనే మానేస్తారు, సాఫ్ట్‌వేర్ బాలేదనుకుంటారు గానీ సమస్య ఎక్కువగా వేడి దగ్గరో, కరెంటు దగ్గరో, ర్యామ్ దగ్గరో ఉంటది. 1996లో జార్జ్ వోల్ట్‌మన్ మొదలుపెట్టిన ఈ వెతుకులాటలో 2024 అక్టోబరులో బయటపడ్డ ప్రధాన సంఖ్యకి 4,10,24,320 అంకెలు. అంత పెద్ద లెక్కలో మధ్యలో ఒక్క బిట్ తప్పినా మొత్తం పోయినట్టే, కాబట్టి స్పీడు కంటే ముందు మిషన్ తప్పు లేకుండా లెక్క చేస్తా ఉందా లేదా అన్నది చూసుకోండి.

సమస్య: పొద్దున బాగా నడిచి మధ్యాహ్నానికి స్పీడు సగానికి పడిపోతా ఉంది.

ఇది వేడి. ప్రైమ్95 ప్రాసెసర్‌ని పూర్తిగా వాడుకుంటది, రోహిణి కార్తెలో రేకుల గదిలో ల్యాప్‌టాప్ పెడితే అది తనని తాను కాపాడుకోడానికి స్పీడు తగ్గించేస్తది. ముందు ఫ్యాన్‌లో దుమ్ము తీయించండి, చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైట్ దుమ్ముకైతే ఇంకా తొందర తొందరగా తీయించాలి. పరుపు మీద పెట్టి నడపొద్దు, కింద గాలి ఆడాలి. అయినా తగ్గకపోతే సెట్టింగ్స్‌లో కోర్లు తగ్గించండి, లేదా రాత్రిపూట మాత్రమే నడపండి.

సమస్య: రౌండాఫ్ ఎర్రర్ 0.4 దాటింది అని గానీ, హార్డ్‌వేర్ ఫెయిల్యూర్ అని గానీ వస్తా ఉంది.

దీన్ని మాత్రం వదిలెయ్యొద్దు. లెక్కంతా దశాంశాల్లో జరిగి చివరికి ప్రతి విలువా పూర్ణాంకం దగ్గరికి రావాలి, ఎక్కడన్నా 0.4 కంటే దూరం పోయిందంటే ఆ లెక్కని నమ్మలేం. ఎక్కువసార్లు కారణం ర్యామ్, లేదంటే ఓవర్‌క్లాక్ (ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన స్పీడు కంటే ఎక్కువలో నడపడం), లేదంటే పైన చెప్పిన వేడే. బయోస్‌లోకి (కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే సెట్టింగ్స్) పోయి ఓవర్‌క్లాకూ, ర్యామ్ స్పీడు పెంచే ఎక్స్ఎంపీ రెండూ ఆపేసి, ర్యామ్ స్టిక్కులు తీసి మళ్లీ గట్టిగా పెట్టి, ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ఒక రాత్రంతా వదలండి, ఆ తర్వాత ప్రైమ్95లోనే ఉన్న టార్చర్ టెస్ట్ పెట్టండి. ఒక్క ఎర్రర్ వచ్చినా స్టిక్కు ఒక్కోటే పెట్టి చూస్తే ఏది పాడైందో తెలిసిపోద్ది.

పీఆర్‌పీ టెస్టులో (నంబరు ప్రధాన సంఖ్య అయ్యే అవకాశం ఉందా అని చూసే పద్ధతి) రాబర్ట్ గెర్బిజ్ కనిపెట్టిన చెకింగ్ ఉంది, తప్పు దొరికితే వెనకున్న మంచి పాయింటుకి పోయి మళ్లీ లెక్క చేస్తది, ఎప్పుడన్నా ఒకటొస్తే ఫలితానికి ఏం కాదు. అదే పనిగా వస్తంటే మాత్రం వెనక్కి పోవడం ముందుకి రావడంతోనే కరెంటు బిల్లు అయిపోద్ది. ప్రధాన సంఖ్యేనా అని చూసే ఇంకో పద్ధతి లూకాస్-లెమర్ టెస్టుకి అంత గట్టి కాపలా లేదు, అందుకే డౌటున్న మిషన్‌లో పీఆర్‌పీనే ఎంచుకోండి.

సమస్య: కరెంటు పోయినప్పుడల్లా పని వెనక్కి పోతా ఉంది.

సేవ్ ఫైల్ మామూలుగా 30 నిమిషాలకి ఒకసారి రాస్తది, ప్రిఫరెన్సెస్‌లో దాన్ని 10కి తగ్గించండి. ఇన్వర్టర్ ఉండి కూడా డెస్క్‌టాప్ రీస్టార్ట్ అవుతంటే ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడండి, మామూలు మోడ్‌లో మారడానికి పట్టే ఆ చిన్న గ్యాప్‌ని కొన్ని మిషన్లు తట్టుకోలేవు.

సమస్య: టెస్ట్ అయిపోయింది గానీ ప్రూఫ్ సర్వర్‌కి పోలేదు.

ప్రూఫ్ (టెస్టు సరిగ్గానే జరిగిందని చూపే ఫైలు) ఉంటే ఇంకొకరు మొత్తం టెస్టు మళ్లీ చెయ్యక్కర్లేదు, చాలా కొంచెం పనితో సరిచూసేస్తారు, అందుకే ఇది ముఖ్యం. టెస్టు నడిచినన్నాళ్లు డిస్కులో మూడు నాలుగు జీబీలు ఖాళీ ఉండాలి, రిసోర్స్ లిమిట్స్‌లో ఆ హద్దు ముందే పెంచిపెట్టండి, సగంలో పెంచితే లాభం లేదు. ప్రూఫ్ ఫైలు వంద ఎంబీ పైనే ఉంటది, ఫోన్ హాట్‌స్పాట్ మీద నెట్ వాడేవాళ్లు అప్‌లోడ్ టైము రాత్రికి పెట్టుకుంటే రోజు డేటా పోకుండా ఉంటది.

సమస్య: సెలవులకి ఊరెళ్లొచ్చేసరికి టెస్టు చెయ్యమని నాకిచ్చిన నంబరు వేరేవాళ్లకి ఇచ్చేశారు.

చాన్నాళ్లు జింప్స్ సర్వర్‌కి ఏమీ చెప్పకపోతే అట్టానే చేస్తారు, లేకపోతే ఆ నంబరు ఎవరూ చూడకుండా పడి ఉంటది. మిషన్ ఆపి ఎక్కువ రోజులు పోయేటట్టుంటే అడ్వాన్స్‌డ్ మెనూలో అన్‌రిజర్వ్ కొట్టి నంబరు మీరే వదిలేసి పోండి, వేరేవాళ్లు వెంటనే తీసుకుంటారు.