ఇండికేటర్ కాదు, ముందు చక్రం చూడండి

కాజీపేట, హన్మకొండ మధ్య రోజూ బండి నడిపేవాళ్లకు ఒక చిట్కా. ఎదురుగా వచ్చే కారు మీకు అడ్డంగా కుడివైపు తిరుగుతుందేమో అనిపిస్తే ఇండికేటర్ కోసం చూడకండి. మన దగ్గర అది వేసేవాళ్లెందరో మీకూ తెలుసు, వేసి మర్చిపోయేవాళ్లూ ఉన్నారు. దాని ముందు చక్రం మీద కన్నేయండి. కారు కదిలిందని తెలిసేలోపే చక్రం తిరగడం కనిపిస్తుంది.

డ్రైవర్ మీవైపే చూశాడు కదా అని ధీమా వద్దు. ముందు అద్దం పక్కనుండే పిల్లర్ చాటున బైకు మొత్తం దాగిపోతుంది. పైగా బైకు చిన్నగా కనిపిస్తుంది కాబట్టి, ఇంకా దూరంలో ఉందిలే అనుకుని తిప్పేస్తారు. చౌరస్తాల దగ్గర, 163వ నంబర్ హైవే మీద డివైడర్ గ్యాపుల దగ్గర యాక్సిలరేటర్ వదిలి, వేళ్లు బ్రేకు మీద పెట్టండి. బస్సు పక్కనే ఆనుకుని చౌరస్తా అస్సలు దాటొద్దు, అవతలి కారుకు బస్సు తప్ప మీరు కనిపించరు.

2017 ఏప్రిల్ నుంచి తయారైన బైకులకు హెడ్‌లైట్ దానంతటదే వెలుగుతుంది. పాత బండి అయితే పగలు కూడా వేసుకోండి. ఆగి ఉన్న కార్లకు డోరంత దూరం వదలండి. హెల్మెట్ సంగతి సరే, దాని స్ట్రాప్ కూడా పెట్టుకోవాలి.