సెనేటర్ కమిటీలకూ సొంత రాష్ట్ర ప్రయోజనాలకూ ఉన్న సంబంధాన్ని పసిగట్టడం ఎలా

అమెరికా సెనేట్‌లో రాష్ట్రానికి ఇద్దరు చొప్పున నూరుమంది సభ్యులు ఉంటారు. చాలా బిల్లుల్లో ఏ మాట ఉండాలో, ఏ మాట తొలగిపోవాలో నిర్ణయమయ్యేది సభలో ప్రసంగాలు సాగే సమయంలో కాదు, అంతకు ముందే కమిటీ గదిలో. కాబట్టి ఒక సెనేటర్ తన రాష్ట్రానికి ఏ మేరకు ఉపయోగపడుతున్నారో అంచనా వేయదలచిన పౌరుడైనా, విద్యార్థి అయినా, విలేకరి అయినా ఆయన సభ్యత్వం ఉన్న కమిటీల నుంచే మొదలుపెట్టడం మంచిది. అయితే పొలాలున్న రాష్ట్రం కనుక వ్యవసాయ కమిటీ, ఓడరేవున్న రాష్ట్రం కనుక వాణిజ్య కమిటీ అని పేర్లను జతపరచి ఊరుకుంటే అసలు సంగతి చేజారిపోతుంది.

ముందుగా కమిటీల జాబితాను పక్కన పెట్టి, ఆ రాష్ట్రం ఫెడరల్ ప్రభుత్వంతో ఎక్కడెక్కడ ముడిపడి ఉందో రాసుకోండి. పెద్ద పరిశ్రమల పేర్లు మాత్రమే సరిపోవు. భూమి ఎవరి చేతిలో ఉంది, సైనిక స్థావరాలు ఉన్నాయా, నదుల మీద ఎవరి ఆనకట్టలు ఉన్నాయి, ఆదివాసీ తెగలకు కేటాయించిన ప్రాంతాలు (రిజర్వేషన్లు) ఉన్నాయా, పేద కుటుంబాలకు ఏ ఫెడరల్ సాయం అందుతోంది అన్నవి కూడా ఆ కాగితం మీదికి రావాలి. ఉదాహరణకు నెవాడాలో దాదాపు 80 శాతం భూమి ఫెడరల్ ప్రభుత్వానిదే. అక్కడ గని తవ్వాలన్నా, పశువులను మేపుకోవాలన్నా చాలాచోట్ల ఫెడరల్ సంస్థల అనుమతి తప్పదు. ఇంధన, సహజ వనరుల కమిటీలో పశ్చిమ రాష్ట్రాల సభ్యులు ఎప్పుడూ ఎక్కువగా కనిపించడానికి మూలం ఇక్కడే ఉంది.

ఆ తరువాత ఒక్కొక్క అంశం ఏ కమిటీ పరిధిలోకి వస్తుందో వెతకాలి. ఈ పరిధులు సెనేట్ నియమావళిలోని 25వ నియమంలో ఉంటాయి. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే కనుక ఈ పనికి కొంత సమయం కేటాయించండి. పేదలకు ఆహార సాయం అందించే స్నాప్ కార్యక్రమం వ్యవసాయ కమిటీ చేతిలో ఉంది. వ్యవసాయానికీ ఆహార సాయానికీ కలిపి చేసే ఫార్మ్ బిల్లు ఖర్చులో అతి పెద్ద వాటా దానిదే. న్యూయార్క్ సెనేటర్ కిర్‌స్టెన్ గిలిబ్రాండ్ చాలా ఏళ్లు ఆ కమిటీలో పనిచేయడం చూసి మహానగరానికి వ్యవసాయంతో ఏం పని అని ఎవరైనా అనుకోవచ్చు. కానీ ఆ రాష్ట్రపు ఉత్తర భాగంలో పాడి రైతులు ఉన్నారు, నగరంలో స్నాప్ మీద ఆధారపడిన కుటుంబాలు ఉన్నాయి; ఇద్దరి సమస్యలూ ఒకే బల్ల మీదికి వస్తాయి. అయోవా సంగతి ఇందుకు భిన్నం. అక్కడి సెనేటర్ చక్ గ్రాస్లీ 1992లో పవన విద్యుత్తుకు పన్ను రాయితీని చట్టంలోకి తెచ్చారు. విషయం విద్యుత్తే అయినా సాధనం పన్ను కాబట్టి దాని దారి ఫైనాన్స్ కమిటీ గుండా సాగింది. నేడు అయోవాలో ఉత్పత్తయ్యే విద్యుత్తులో సగానికి పైగా గాలి నుంచే వస్తోంది. అలాగే క్రెడిట్ కార్డు కంపెనీలు నెలకొన్న డెలావేర్‌కు బ్యాంకింగ్ కమిటీ ఎంత ముఖ్యమో, దివాలా చట్టాలను చూసే జ్యుడీషియరీ కమిటీ కూడా అంతే ముఖ్యం.

కమిటీ తేలిన తరువాత సబ్‌కమిటీ దాకా వెళ్లాలి. నిధులను కేటాయించే అప్రోప్రియేషన్స్ కమిటీలో 12 సబ్‌కమిటీలు ఉన్నాయి. కేవలం అప్రోప్రియేషన్స్ సభ్యుడు అని రాసుకుంటే మనకు తెలిసింది దాదాపు ఏమీ లేదు. నదుల పూడికతీతకు డబ్బు రావాలంటే ఇంధన, జలవనరుల సబ్‌కమిటీని, స్థావరాల్లో కట్టడాలకు రావాలంటే సైనిక నిర్మాణాల సబ్‌కమిటీని చూడాలి. ఈ కమిటీ బలం ఎంతటిదో వెస్ట్ వర్జీనియాలో కంటికి కనిపిస్తుంది. ఆ రాష్ట్ర సెనేటర్ రాబర్ట్ బర్డ్ 1989లో దానికి ఛైర్మన్ అయ్యారు. ఆయన చొరవతో ఎఫ్‌బీఐ వేలిముద్రల విభాగం రాజధాని వాషింగ్టన్ నుంచి ఆ రాష్ట్రంలోని క్లార్క్స్‌బర్గ్‌కు తరలివచ్చింది.

ఇప్పుడు సభ్యత్వాన్ని దాటి, ఆ గదిలో జరిగిన పనిని పరిశీలించాలి. ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. అలాస్కా ఆర్కిటిక్ వన్యప్రాణి అభయారణ్యంలో చమురు తవ్వకానికి అనుమతి సాధించాలని ఆ రాష్ట్ర సెనేటర్లు దశాబ్దాల పాటు ప్రయత్నించారు. 2017లో బడ్జెట్ తీర్మానం ఇంధన, సహజ వనరుల కమిటీకి 100 కోట్ల డాలర్ల ఆదాయ మార్గం చూపమని ఆదేశించింది. అప్పటి ఛైర్‌పర్సన్ అలాస్కాకు చెందిన లీసా మర్కౌస్కీ. ఆమె తవ్వకపు లీజులనే ఆ మార్గంగా ప్రతిపాదించగా కమిటీ 13–10 ఓట్లతో ఆమోదించింది, డిసెంబరులో అది పన్నుల చట్టంలో భాగమైంది. అయితే 2021 జనవరిలో జరిగిన తొలి వేలంలో వచ్చింది సుమారు 1.44 కోట్ల డాలర్లు మాత్రమే; 2025 జనవరి నాటి రెండో వేలంలో ధర పలికేందుకు ఒక్కరూ ముందుకు రాలేదు. సీటు ఉంటే చట్టం దొరకవచ్చు, మార్కెట్ వెంట వస్తుందన్న హామీ లేదు. కనుక మీ కాగితంలో కమిటీలో సాధించినదాన్ని ఒక వరుసలో, రాష్ట్రానికి నిజంగా చేరినదాన్ని మరో వరుసలో రాయండి.

సెనేటర్ ప్రత్యేకంగా కోరిన నిధులను వెతకడం కొంత తేలిక. 2011లో నిలిచిపోయిన ఆ పద్ధతి 2021లో తిరిగి వచ్చింది. కోరిన పనిని, అందుకునే సంస్థను, మొత్తాన్ని సెనేటర్లు తమ వెబ్‌సైట్‌లో బయటపెట్టాలి. అందులో తమకు గానీ దగ్గరి కుటుంబ సభ్యులకు గానీ ఆర్థిక లాభం లేదని ధ్రువీకరించాలి. ఈ పత్రాలను తప్పక చదవండి. రాష్ట్రంలో ఏ ఊరికి ప్రాధాన్యం దక్కిందో వీటిలో స్పష్టంగా తెలుస్తుంది.

అన్ని సీట్లకూ రాష్ట్ర ప్రయోజనమే కారణమని అనుకోవద్దు. సీట్లను పార్టీలు పంచుతాయి, సీనియారిటీ బలంగా పనిచేస్తుంది. 1953లో సెనేట్‌లో డెమోక్రాట్ల నాయకుడు లిండన్ జాన్సన్ కొత్తగా వచ్చిన ప్రతి డెమోక్రాట్‌కూ ఒక ముఖ్యమైన కమిటీ దక్కేలా పద్ధతి మార్చేదాకా కొత్తవారికి మిగిలేవి చిన్న కమిటీలే. విదేశీ సంబంధాల కమిటీని జాతీయ స్థాయి గుర్తింపు కోసమో, విధానాల మీద ఆసక్తితోనో కోరుకునేవారు ఉన్నారు. అందులో తప్పేమీ లేదని నా అభిప్రాయం, కానీ దాన్ని రాష్ట్ర సేవ ఖాతాలో వేయకూడదు.

చివరగా అదే రాష్ట్రపు రెండో సెనేటర్ కమిటీలను మొదటివారి కమిటీలతో పోల్చి చూడండి. 2023, 2024 సంవత్సరాల్లో వాషింగ్టన్ రాష్ట్రం నుంచి ప్యాటీ ముర్రే అప్రోప్రియేషన్స్‌కు, విమానయానాన్నీ చేపల వేటనూ చూసే వాణిజ్య కమిటీకి మరియా కాంట్‌వెల్ ఛైర్‌పర్సన్లుగా ఉన్నారు. ఒకరి జాబితానే చూసినవారికి ఆ రాష్ట్రంలో సగం ఖాళీగా కనిపించేది. 2025 జనవరిలో సభలో ఆధిక్యం మారడంతో ఆ రెండు పదవులూ చేతులు మారాయి. కొత్త కాంగ్రెస్ రెండేళ్లకోసారి జనవరిలో కొలువుదీరుతుంది కనుక, సీట్ల పంపకం పూర్తయ్యాక మీ కాగితాన్ని మళ్లీ మొదటి నుంచి సరిచూసుకోండి.