పంచాయతీ గ్రాంటు డబ్బుతో ముందు ఏ పని చేయాలి? వరుస తేల్చుకునే పద్ధతి

గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక అనగానే చాలా ఊళ్లలో పొడుగాటి జాబితా ఒకటి తయారవుతుంది. వార్డుకో సీసీ రోడ్డు, ఒక సైడు కాలువ, నాలుగు వీధి దీపాలు. పనుల విలువ కోటి దాటుతుంది, చేతికొచ్చేది ఇరవై లక్షలు. తీరా డబ్బు పడ్డాక ఎవరు గట్టిగా అడిగితే వాళ్ల పని ముందుకొస్తుంది. ఏ పని మొదటిది, ఏది ఐదోది, ఎందుకు అన్నది డబ్బు పడకముందే అందరి ఎదుటా కాగితం మీద పెట్టాలి. సర్పంచులకు, వార్డు సభ్యులకు, గ్రామసభలో లేచి అడగాలనుకునే ఎవరికైనా పనికొచ్చేలా ఆ పద్ధతి కింద ఇస్తున్నాం.

1. డబ్బును షరతుల ప్రకారం విడగొట్టండి

ఊరికి ఏం కావాలో అడగడానికి ముందే, వచ్చే డబ్బు దేనికి వాడొచ్చో రాసుకోండి. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి గ్రామీణ స్థానిక సంస్థల గ్రాంటులో 60 శాతాన్ని టైడ్ నిధులుగా, అంటే చెప్పిన పనికే వాడాల్సిన డబ్బుగా, కట్టేసింది. అందులో సగం, అంటే మొత్తంలో 30 శాతం, తాగునీరు, వాన నీటి సేకరణ, నీటి పునర్వినియోగానికి. మిగతా 30 శాతం పారిశుద్ధ్యానికి, బహిరంగ మల విసర్జన లేని స్థితిని నిలబెట్టుకోవడానికి. మిగిలిన 40 శాతం అన్‌టైడ్. రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు చెప్పిన 29 అంశాల్లో ఊరికి అవసరమైన దేనికైనా వాడొచ్చు కానీ జీతాలకు, ఆఫీసు నిర్వహణ ఖర్చులకు వాడకూడదు.

అంతకు ముందు ఏడాది, 2020–21లో, ఈ నిష్పత్తి సగం సగంగా ఉండేది. 2026–31 కాలం 16వ ఆర్థిక సంఘానిది. కాబట్టి పాత అలవాటు మీద లెక్క వేయకండి. కొత్త విడుదల ఉత్తర్వు కాపీ పంచాయతీ కార్యదర్శి దగ్గర తీసుకుని, అందులోని శాతాలే రాసుకోండి.

60–40 ప్రకారం ఒక లెక్క చూద్దాం. ఏడాదికి 20 లక్షలు వస్తే నీటికి 6, పారిశుద్ధ్యానికి 6, అన్‌టైడ్ 8. ఇప్పుడు ఈ మూడింటిలోంచీ పాత బాకీలు తీసేయండి. నిరుడు కట్టిన కల్వర్టు బిల్లు రెండున్నర లక్షలు అన్‌టైడ్‌లోంచి ఇవ్వాల్సి ఉంటే, కొత్త పనులకు మిగిలేది ఐదున్నర లక్షలే. చాలా ప్రణాళికలు తప్పేది ఇక్కడే. పాత బిల్లులు లెక్కలోకి రాక, గ్రామసభలో చెప్పిన పనులకు ఏడాది చివర డబ్బుండదు. నీటి వాటాలో కొంత మొత్తం మోటారు కాలిపోయినప్పటి కోసం పక్కన పెట్టండి. మే నెలలో అది తప్పకుండా అక్కరకొస్తుంది.

ఒక వెసులుబాటు చాలామందికి తెలియదు. 15వ సంఘం మార్గదర్శకాల్లో, నీరు, పారిశుద్ధ్యం రెండింటిలో ఒకదాని అవసరాలు పూర్తిగా తీరిపోతే ఆ డబ్బును రెండోదానికి మళ్లించుకోవచ్చు. అందుకు గ్రామసభ ధ్రువీకరించాలి, దాన్ని పై అధికారులు ఖాయం చేయాలి. నోటి మాట మీద మళ్లిస్తే ఆడిట్‌లో అభ్యంతరం వస్తుంది.

2. ఊరంతా నడవండి

వార్డు సభ్యుడు, కార్యదర్శి, నీళ్లు వదిలే మనిషి, ఆశా కార్యకర్త, మహిళా సంఘం నుంచి ఒకరు. ఈ ఐదుగురూ కలిసి ప్రతి వీధీ నడవాలి. ఊళ్లో ఏ సదుపాయాలున్నాయో లెక్కగట్టే మిషన్ అంత్యోదయ సర్వే వివరాలు వెంట ఉంచుకోండి, కానీ వాటితో సరిపెట్టుకోవద్దు. సర్వేలో ‘కుళాయి ఉంది’ అని ఉంటుంది. ఆ కుళాయిలో నీళ్లు ఎన్ని రోజులకోసారి వస్తాయో, చివరి ఇంటికి బిందె నిండడానికి ఎంతసేపు పడుతుందో అక్కడికి వెళ్తేనే తెలుస్తుంది.

నీటికి ఒక కొలత ఉంది: జల్ జీవన్ మిషన్ ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు. వెయ్యి మంది జనాభాకు రోజుకు 55 వేల లీటర్లు కావాలి. 60 వేల లీటర్ల ట్యాంకు రోజూ ఒకసారి నిండుతున్నా చివరి వీధికి నీళ్లు అందడం లేదంటే లోపం ట్యాంకులో లేదు. పైపు సైజులోనో, గేటు వాల్వుల్లోనో, దారిలో బిగించిన మోటార్లలోనో ఉంది. అలాంటి చోట కొత్త ట్యాంకు కోసం లక్షలు రాయడం శుద్ధ దండగ, రెండు వాల్వులు మారిస్తే సరిపోవచ్చు. చివరి కుళాయి దగ్గర క్లోరిన్ కూడా పరీక్షించండి. లీటరుకు 0.2 మిల్లీగ్రాములకు తగ్గకూడదు.

మురుగు కాలువ దగ్గరికి వచ్చినప్పుడు మొదలు కాదు, చివర చూడండి. ఈ నీళ్లు ఎక్కడ కలుస్తాయి? మనం చూసే చెడ్డ కాలువల్లో చాలా వాటికి వాటం లేకపోవడమో, కలిసే చోటు లేకపోవడమో కారణం. 200 మీటర్లకు ఒక మీటరు వాటం అనుకుంటే, 100 మీటర్ల కాలువకు అర మీటరు దిగుడు ఉండాలి. అది దొరకని చోట ఎంత సిమెంటు పోసినా దోమల తొట్టే అవుతుంది. అక్కడ ఇంటింటి ఇంకుడు గుంతలు గానీ, వీధి చివర ఒక పెద్ద ఇంకుడు గుంత గానీ మేలు. నల్లరేగడిలో ఇంకుడు సరిగా ఉండదు కాబట్టి ముందు గొయ్యి తీసి నీళ్లు పోసి చూడండి.

3. అడగని వాళ్లను అడగండి

వార్డు సభ, మహిళా సభ విడివిడిగా పెట్టండి. గ్రామ సంఘాల మహిళలు తయారుచేసే గ్రామ పేదరిక నిర్మూలన ప్రణాళిక పంచాయతీ ప్రణాళికలో కలవాలన్నది నిబంధన. అది కాగితంగా అందుకుని ఫైల్లో పెట్టేస్తే కలిపినట్టు కాదు, దాని పనులకూ అదే మార్కుల పట్టికలో చోటివ్వాలి. వ్యవసాయ కూలీలు పగటిపూట రాలేరు. వాళ్ల వాడలో సాయంత్రం ఏడు తర్వాత కూర్చోండి.

4. మార్కులు వేయండి

ఇక అసలు పని. ప్రతి పనికీ వందకు మార్కులు వేయాలి. మేం సూచించే పంపకం ఇది:

- ఆరోగ్యానికి, ప్రాణానికి ముప్పు: 30
- లాభపడే ఇళ్ల సంఖ్య: 20
- ఇన్నాళ్లూ పని జరగని వాడ, పేదలు ఎక్కువగా ఉన్న చోటు: 20
- స్థలం, అనుమతులు సిద్ధంగా ఉండటం: 20
- కట్టాక నిర్వహణ ఎవరు చేస్తారో తేలి ఉండటం: 10

ఈ అంకెలు మీ ఊరికి తగ్గట్టు మార్చుకోవచ్చు. కానీ పనుల పేర్లు చెప్పక ముందే అంకెలు ఖాయం చేయాలి. పనులు చూశాక మార్చడం మొదలుపెడితే ఎవరికి కావాల్సిన పనికి వాళ్లు పట్టికను వంచుతారు.

ఎస్సీ కాలనీలో 45 ఇళ్ల మురుగు వెళ్లే 120 మీటర్ల కాలువకు 26, 14, 18, 8, 6 వచ్చాయనుకుందాం. మొత్తం 72. బజారు సెంటర్లో 20 ఇళ్ల ముందు 80 మీటర్ల సీసీ రోడ్డుకు 6, 8, 5, 19, 9. మొత్తం 47. కాలువ పైన నిలిచింది. అయితే స్థలం వరుసలో దానికి 8 మార్కులే ఎందుకొచ్చాయో చూడాలి. చివర 15 మీటర్లు పట్టా భూమిలోంచి వెళ్లాలి. ఆ రైతు రాతపూర్వకంగా ఒప్పుకోకపోతే పని సగంలో ఆగుతుంది. కాబట్టి డబ్బు కేటాయించి, ఒప్పుకోలు పత్రానికి రెండు నెలల గడువు పెట్టండి. ఆ భూమిని తప్పించే దారి ఉందేమో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు)తో లెవెల్స్, అంటే నేల ఎత్తుపల్లాల కొలతలు, తీయించండి.

‘ఆ కాలనీకి సబ్ ప్లాన్ (ఎస్సీ, ఎస్టీల కోసం విడిగా కేటాయించే) నిధులు వస్తాయిలే’ అనే మాట దగ్గర జాగ్రత్తగా ఉండండి. ఎన్నో వాడలు ఏళ్ల తరబడి వెనకబడిపోయింది ఈ మాటతోనే. మంజూరు పత్రం నంబరు, తేదీ చూపిస్తేనే ఆ పనిని మన జాబితాలోంచి తీయాలి.

5. ఇళ్ల విషయం వేరుగా చూడండి

వ్యక్తిగత ఇళ్ల డబ్బు ఈ గ్రాంటు నుంచి రాదు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్‌లో మైదాన ప్రాంతంలో ఇంటికి 1.20 లక్షలు, తెలంగాణ ఇందిరమ్మ ఇళ్ల పథకంలో 5 లక్షలు దశలవారీగా ఇస్తారు. ఆవాస్ యోజన లబ్ధిదారుల జాబితాను గ్రామసభలో చదివి సరిచూడాలి. పేరు తీసేసినా, చేర్చినా కారణం మినిట్స్ బుక్కులో ఉండాలి.

పంచాయతీ తేల్చాల్సింది ఆ ఇళ్ల చుట్టూ ఉండాల్సినవి. కొత్త కాలనీలో పనుల వరుస తప్పితే డబ్బు రెండుసార్లు ఖర్చవుతుంది. ముందు లెవెల్స్ తీసి వాన నీళ్లు పోయే దిక్కు ఖాయం చేయండి. తర్వాత లారీ వెళ్లేలా గ్రావెల్ దారి, ఆ వెంట నీటి లైను. కాలువలు ఆ తర్వాత. సీసీ రోడ్డు అన్నిటికన్నా చివర, ఇళ్లు చాలావరకు స్లాబు దాటాక వేయాలి. ముందే వేస్తే ఇసుక, ఇనుము లారీలకు పగిలిపోతుంది, కుళాయి కనెక్షన్ల కోసం మళ్లీ కోస్తారు. పాత వీధుల్లో మరో తప్పు: ఉన్న సీసీ మీదే ఇంకో సీసీ పోయడం. రోడ్డు ఎత్తు పెరిగి గడపలు కిందికి పోతాయి, మొదటి పెద్ద వానకే నీళ్లు ఇళ్లలోకి వస్తాయి. కొత్త రోడ్డు మట్టం ఇళ్ల అరుగుల కంటే కిందే ఉండేలా అంచనాలో రాయించండి.

6. అంచనా, గ్రామసభ, ఆన్‌లైన్

పై నుంచి పది పనులకు మాత్రమే ఏఈతో గానీ, గ్రామ సచివాలయం ఇంజనీరింగ్ అసిస్టెంటుతో గానీ అంచనా వేయించండి. జీఎస్టీ, సీనరేజి (ఇసుక, కంకర లాంటి వాటి మీద ప్రభుత్వానికి కట్టే రుసుము), ఒక శాతం లేబర్ సెస్ అందులో కలిశాయో లేదో అడగండి. అవి వదిలేసిన అంచనాకు బిల్లు దగ్గర డబ్బు చాలదు.

గ్రామసభకు మూడు రోజుల ముందు నుంచే చాటింపు వేయించి, మార్కుల పట్టికను పెద్ద అక్షరాలతో పంచాయతీ గోడ మీద అతికించండి. సభలో వరుస మార్చమని ఎవరైనా అడిగితే ఏ గడిలో మార్కు తప్పో చెప్పమనండి. దిద్దితే దిద్దిన సంగతి, కారణం రాయండి. ఖాళీ పేజీ మీద ముందే సంతకాలు తీసుకుని తర్వాత తీర్మానం నింపే పద్ధతిని ఒప్పుకోవద్దు. తీర్మానం చదివి వినిపించాకే సంతకాలు.

ఆ తర్వాత ప్రణాళిక పంచాయతీల ప్రణాళికలు, చెల్లింపులు నమోదయ్యే ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్‌లో ఎక్కాలి. అక్కడ లేని పనికి ఆర్థిక సంఘం డబ్బుతో బిల్లు పెట్టలేరు. టైడ్ పనిని పొరపాటున అన్‌టైడ్ కింద నమోదు చేస్తే చెల్లింపు దగ్గర చిక్కొస్తుంది, అందుకే ఎక్కించాక ప్రింటు తీసి తీర్మానంతో పోల్చి చూడండి. పోర్టల్‌లో ఎవరైనా తమ ఊరి ప్రణాళిక చూడొచ్చు. డిజిటల్ సంతకం కీల గడువు కూడా సరిచూసుకోండి. పాలకవర్గం మారినప్పుడు ఈ ఒక్క కారణంగా బిల్లులు ఆగిపోతుంటాయి.

7. ఆర్నెల్లకోసారి వరుస తిరగేయండి

పదో పని తర్వాతి ఐదింటిని నిరీక్షణ జాబితాగా అదే తీర్మానంలో పెట్టండి. స్థల వివాదం వల్ల గానీ, కాంట్రాక్టరు దొరకక గానీ ఒక పని గడువులోగా మొదలుకాకపోతే దాని డబ్బు అదే నిధి రకంలో తర్వాత ఉన్న పనికి వెళ్లాలి. దానికి మరో తీర్మానం రాసి, పోర్టల్‌లో ప్రణాళికను సవరించి, గోడ మీద పట్టికలో కొత్త తేదీ వేయాలి.