కొత్త మినియేచర్ గేమ్‌ను సెల్యూట్‌లో చూపించే ముందు జాగ్రత్తలు

మినియేచర్ గేమ్ అంటే చిన్న బొమ్మల సైన్యాలతో టేబుల్ మీద ఆడే యుద్ధ ఆట. లండన్ ఎక్సెల్ హాల్లో సౌత్ లండన్ వార్‌లార్డ్స్ క్లబ్ జరిపే సెల్యూట్ అలాంటి ఆటల ఒక్కరోజు ప్రదర్శన. రెండో అవకాశం ఉండదు కాబట్టి ఇవి ముందే చూసుకోండి.

- డెమో 20 నిమిషాలు దాటకూడదు. ఒక్కో వైపు మూడు నాలుగు బొమ్మలు చాలు. కూర్చున్న మనిషి చేతికి వెంటనే డైస్ ఇవ్వండి. కథ, ప్రపంచం, చరిత్ర తర్వాత చెప్పొచ్చు. నియమాలు తెలియని స్నేహితుడితో ముందే ఆడించి, అతను ఎక్కడ ఆగిపోతున్నాడో రాసుకోండి. అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే.

- టేబుల్ మీద రంగులు వేసిన బొమ్మలే పెట్టాలి. రంగు వేయనివి పక్కన విడిగా ఉంచండి. పోత (అచ్చులో పోసి బొమ్మ చేసిన తీరు) ఎంత శుభ్రంగా ఉందో అనుభవం ఉన్నవాళ్లు చేతిలోకి తీసుకుని చూస్తారు.

- బొమ్మల సైజు 28 మిల్లీమీటర్లా, 32 మిల్లీమీటర్లా? స్పష్టంగా రాయండి. తమ దగ్గరున్న బొమ్మలతో ఆడొచ్చా అని తప్పకుండా అడుగుతారు.

- బాగా పేరున్న మినియేచర్ గేమ్ వార్‌హామర్‌ను తక్కువ చేసి మాట్లాడొద్దు. ఆ సైన్యాలకు రంగులు వేయడానికి దాన్ని ఆడేవాళ్లు ఏళ్లు వెచ్చించారు, ఆ ప్రేమను గౌరవించాలి.

- కంప్యూటర్‌లో చేసిన డిజైన్ చిత్రాన్ని పోత పోసిన అసలు బొమ్మ ఫోటోగా చూపించకండి.

- కిక్‌స్టార్టర్ (జనం దగ్గర ముందే డబ్బు సేకరించే వెబ్‌సైట్) ప్రచారం ఉంటే షిప్పింగ్, పన్నులు కలిపి ధర చెప్పండి. అచ్చులు సిద్ధం కాకముందే డెలివరీ తేదీ ఇవ్వొద్దు.

- సూపర్ గ్లూ, అంగుళాల టేపు, అదనపు డైస్ వెంట తీసుకెళ్లండి.