ఇంట్లో వైరు, వైఫై రెండూ కలిపి నెట్‌వర్క్ వేసుకోవడం ఎలా?

ఒంగోలులోనైనా నెల్లూరులోనైనా ఇల్లు కట్టేటప్పుడు ఏ గదిలో ఎన్ని ఫ్యాన్లు, ఏసీ ఎక్కడ, గీజర్ ఎక్కడ అని ముందే లెక్క వేసుకుంటాం. నెట్ సంగతి మాత్రం గృహప్రవేశం అయ్యాకే గుర్తొస్తుంది. ఫైబర్ వేసే మనిషి వచ్చి వీధి గది కిటికీ పక్కన పెట్టె తగిలించి వెళ్తాడు. వెనక పడకగదిలో వర్క్ ఫ్రం హోం చేసే అమ్మాయికి మీటింగ్ మధ్యలో బొమ్మ ఆగిపోతుంది, మేడ మీద పిల్లలకు సిగ్నల్ ఒక్క గీత చూపిస్తుంది. వెంటనే ఇంకా పెద్ద ప్లాన్‌కు డబ్బు కడతారు. వీధి గది దాకా వచ్చే నెట్ ఎంత పెరిగినా, అక్కణ్ణించి లోపలికి సరైన దారి లేకపోతే ఏం లాభం? ఆ దారి ఎలా వేసుకోవాలో చెప్తాను. ఇందులో నిజంగా చెయ్యి తిరగాల్సిన పని ఒక్కటే, వైరుకు పిన్ను వేయడం. దాని దగ్గర నిదానంగా ఆగుదాం. మిగతావి గబగబా.

ఏది వైరుకు, ఏది వైఫైకి

కదలని వస్తువు ఏదైనా వైరుకే. డెస్క్‌టాప్, టీవీ, ప్రింటర్, సీసీ కెమెరాల రికార్డర్, రోజూ ఒకే టేబుల్ మీద కూర్చునే ఆఫీసు ల్యాప్‌టాప్, ఇవన్నీ వైరు మీదే ఉండాలి. ఫోన్లు, ట్యాబ్‌లు, చేతిలో పట్టుకుని తిరిగే ల్యాప్‌టాప్‌లు వైఫైకి. టీవీలో వైఫై ఉంది కదా అంటారు. ఉంది, కానీ టీవీ సినిమా లాగుతున్నంతసేపూ అదే గాలిలో మీ ఫోన్లకు చోటు తగ్గుతుంది. వైరుకు పోగలిగినదాన్ని వైరుకు పంపితే, మిగిలిన వైఫై దానంతటదే బాగుపడుతుంది.

ఒక కాగితం మీద ఇంటి గదులు గీసి, ఏ గదికి ఎన్ని వైర్లో రాసుకోండి. పడకగదికి ఒకటి చాలనిపిస్తే రెండు రాయండి. గోడ ఒక్కసారే పగలగొడతాం.

సామాను

క్యాట్6 అనే రకం నెట్ వైరు, లోపల అచ్చమైన రాగి ఉన్నది. షాపులో సగం ధరకు దొరికేది రాగిపూత వేసిన అల్యూమినియం. కొనేముందు ఒక తీగ చివర బ్లేడుతో గీకి చూడండి: లోపల తెల్లగా మెరిస్తే అక్కడే వదిలేసి రండి. వైరు చివర వేసే ఆర్‌జే45 పిన్నులు కావలసినవాటికి రెట్టింపు, పిన్నును నొక్కి బిగించే క్రింపింగ్ ప్లయర్, తీగలు కలిశాయో లేదో చూపించే ఎనిమిది లైట్ల లాన్ టెస్టర్, ఒక వైరులో వచ్చిన నెట్‌ను గదుల వైర్లకు పంచే ఎనిమిది పోర్టుల (వైరు గుచ్చే రంధ్రాల) గిగాబిట్ స్విచ్, మేడ మీదికి రెండో రూటర్. అంతే.

ఫైబర్ పెట్టె వెనక ఉన్న పోర్టులను ఒకసారి చూడండి. చాలా పెట్టెల్లో అన్నీ సమానం కావు. జీఈ అని రాసి ఉన్నది గిగాబిట్, అంటే 1000 ఎంబీపీఎస్ దాకా పోతుంది, ఎఫ్‌ఈ అని రాసి ఉన్నవి 100 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతాయి. జీఈ పోర్టు నుంచి స్విచ్‌కు ఒక్క వైరు, స్విచ్ నుంచి గదులన్నిటికీ. గదుల వైర్లను నేరుగా పెట్టెకు గుచ్చడం నేను ఒప్పుకోను.

వైరు లాగడం

ఒక్క వైరు పొడవు 100 మీటర్లు దాటకూడదు. మన ఇళ్ళలో ఆ సమస్య రాదు. కరెంటు పైపులో మాత్రం నెట్ వైరు దూర్చకండి. పైపు ఖాళీగా ఉంది కదా అని ఎలక్ట్రీషియన్ అంటాడు. వద్దని గట్టిగా చెప్పండి. లోపల కరెంటు వైరు తొడుగు ఎక్కడైనా ఒరుసుకుపోతే 230 వోల్టులు మీ కంప్యూటర్ మీదికి వస్తాయి. విడిగా ఒక పైపు వేయించండి. కరెంటు వైరును దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి, పక్కపక్కనే పొడుగునా నడిపించవద్దు.

గోడ బయటినుంచి మేడకు తీసుకెళ్ళే వైరు నల్ల తొడుగు ఉన్న ఔట్‌డోర్ వైరై ఉండాలి. మామూలు బూడిదరంగు వైరు రోహిణి కార్తె ఎండలకు పెళుసెక్కి చిట్లుతుంది. మనకు వాన ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, అప్పుడు ఆ చిట్లిన చోటునుంచే నీళ్ళు లోపలికి దిగుతాయి. గోడ రంధ్రంలోకి వెళ్ళేముందు వైరును జానెడు కిందికి వంచి మళ్ళీ పైకి తీసుకెళ్ళండి. నీటి చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది, ఇంట్లోకి రాదు. రెండు చివర్లలోనూ రెండు మూరల వైరు అదనంగా వదలండి.

పిన్ను వేయడం

ఇక్కడ తొందర వద్దు. ఇళ్ళలో నెట్ నత్తనడక నడవడానికి సగం కారణం ఈ అంగుళం వైరు దగ్గరే ఉంటుంది. పైగా ఇక్కడ జరిగే తప్పును టెస్టర్ కూడా పట్టుకోదు.

వైరు లోపల ఎనిమిది తీగలు, నాలుగు జతలు. ప్రతి జతలోనూ ఒకటి నిండు రంగు, ఇంకొకటి అదే రంగు చార ఉన్న తెల్ల తీగ. ఒక్కో జత జడలా మెలివేసి ఉంటుంది. ఆ మెలి ఊరికే పెట్టింది కాదు. జతలో ఒక తీగలో సిగ్నల్ ఎలా పోతుందో రెండో తీగలో దానికి సరిగ్గా ఎదురుగా పోతుంది. బోరు మోటారో ట్యూబ్‌లైటో పక్కనుంచి గోల పుట్టిస్తే, మెలిపడి ఉన్నందువల్ల ఆ గోల రెండు తీగల మీదా దాదాపు ఒకేలా పడుతుంది. అవతలి చివర రెండింటి తేడా తీసుకుంటారు కాబట్టి గోల కొట్టుకుపోయి సిగ్నల్ మిగులుతుంది. జత తప్పితే ఈ లెక్క మొత్తం పోయినట్టే.

ఎక్కువమంది చేసే తప్పు వినండి. "రెండు వైపులా ఒకే వరస ఉంటే చాలు సార్, ఏ వరసైనా ఒకటే" అంటారు. అలా అని ఆరెంజ్ జత, గ్రీన్ జత, బ్లూ జత, బ్రౌన్ జత అని పక్కపక్కనే పేర్చి ప్లయర్ నొక్కేస్తారు. చూడ్డానికి ఎంతో పద్ధతిగా ఉంటుంది. టెస్టర్ పెడితే ఒకటి నుంచి ఎనిమిది దాకా లైట్లు వరసగా వెలుగుతాయి. కంప్యూటర్‌కు తగిలిస్తే నెట్ కూడా వస్తుంది. కానీ కంప్యూటర్‌లోని నెట్‌వర్క్ కార్డు ఒక జతగా వాడుకునేవి పిన్నులో 3, 6 చోట్లలో ఉన్న తీగలు. ఈ వరసలో మూడో చోట గ్రీన్ జత తీగ, ఆరో చోట బ్లూ జత తీగ పడ్డాయి. రెండూ వేరువేరు మెలికల్లో ఉన్నవి. మూరెడు వైరులో తేడా తెలియదు. పదిహేను ఇరవై మీటర్లు అయ్యేసరికి వైరు ఒకసారి గిగాబిట్, ఒకసారి 100, ఒకసారి అసలేమీ లేదు. టెస్టర్ ఏ తీగ తెగిందో చెప్తుంది గానీ ఏ తీగ ఏ జతదో దానికి తెలియదు. అందుకే టెస్టర్ బాగుందంది కాబట్టి రూటర్‌దే తప్పని తేల్చి, మనచేత కొత్త రూటర్ కొనిపిస్తారు.

సరైన వరస ఇది. నొక్కితే వంగే ప్లాస్టిక్ బిళ్ళ కిందికి, బంగారు రంగు రేకులు పైకి, వైరు దూరే రంధ్రం మీవైపుకు ఉండేలా పిన్ను పట్టుకోండి. ఎడమనుంచి: తెల్ల ఆరెంజ్, ఆరెంజ్, తెల్ల గ్రీన్, బ్లూ, తెల్ల బ్లూ, గ్రీన్, తెల్ల బ్రౌన్, బ్రౌన్. గ్రీన్ జత విడిపోయి మధ్యలో బ్లూ జతను పెట్టుకున్నట్టు కనిపిస్తుంది. సరిగ్గా అలాగే ఉండాలి. దీన్ని టీ568బీ అంటారు. టీ568ఏ అని ఆరెంజ్, గ్రీన్ జతలు తారుమారైన వరస ఇంకొకటుంది, అదీ తప్పు కాదు. కానీ ఇంట్లో మొత్తం ఒకే వరస ఉండాలి, మన ఊళ్ళలో దొరికే రెడీమేడ్ వైర్లు ఎక్కువగా బీ వరసవే కాబట్టి బీనే వేయండి.

ఇక చేతిపని. పై తొడుగు ఒక అంగుళం మేర తీయండి. బ్లేడు తొడుగును తాకాలి తప్ప లోపలి తీగలను తాకకూడదు. ఏ తీగ మీదైనా గాటు కనిపిస్తే అక్కడికి కోసేసి మళ్ళీ మొదలుపెట్టండి, గాటు పడ్డ తీగ ఇవాళ కాకపోతే ఆర్నెల్లకు విరుగుతుంది. జతల మెలి విప్పి, తీగలను వేళ్ళ మధ్య అటూ ఇటూ లాగి నిటారుగా చేసి, వరస పేర్చి, బొటనవేలితో గట్టిగా నొక్కిపట్టి అర అంగుళం మిగిలేలా ఒకే కోతలో సమంగా కత్తిరించండి. మెలి విప్పిన భాగం ఆ అర అంగుళానికి మించకూడదు. పొడుగ్గా విప్పితే పని సులువే, కానీ మెలి లేని చోట వైరుకు రక్షణ లేదు.

పిన్నులోకి తోసేటప్పుడు రెండు చోట్ల చూడాలి. ముందువైపు అద్దంలాంటి ప్లాస్టిక్‌లోంచి ఎనిమిది రాగి చుక్కలూ కనిపించాలి. ఒక్కటి వెనకబడినా బయటికి లాగి మళ్ళీ కోయండి. వెనకవైపు వైరు పై తొడుగు పిన్ను లోపలిదాకా వెళ్ళాలి. ప్లయర్ నొక్కినప్పుడు వెనకనున్న ప్లాస్టిక్ పలక తొడుగును కరుచుకోవాలి, తీగలను కాదు. తొడుగు బయటే ఉండి రంగురంగుల తీగలు కనిపిస్తున్న పిన్ను ఎవరు వేసినా ఒప్పుకోకండి. ఊడ్చేటప్పుడు చీపురు తగిలినా అది లూజవుతుంది.

ప్లయర్ నొక్కేముందు వరసను పైకే చదవండి. నొక్కాక టెస్టర్ పెట్టండి. అది తీగ తెగలేదని మాత్రమే చెప్తుంది కాబట్టి, వరసను కంటితో ఇంకోసారి చూసుకోవాల్సిందే.

సముద్రం దగ్గరి ఊళ్ళలో, మైపాడు, కొత్తపట్నం వైపు, ఉప్పుగాలికి పిన్నుల రేకులు చిలుము పడతాయి. అక్కడ బంగారుపూత మందంగా ఉన్న పిన్నులే కొనండి, బయట పిన్ను ఉంటే మూత ఉన్న డబ్బాలో పెట్టండి.

మేడ మీద వైఫై

రిపీటర్ కొనవద్దు. మామూలు రిపీటర్ ఒకే రేడియోతో ఇటు విని అటు చెప్తుంది కాబట్టి స్పీడు సగానికి పడిపోతుంది. ఒకదానితో ఒకటి గాలిలోనే మాట్లాడుకునే మెష్ పెట్టెలు దానికంటే మేలే, కానీ స్లాబు మధ్యలో ఉంటే అవీ ఇబ్బంది పడతాయి. ఒక్క వైరు మేడకు లాగి రెండో రూటర్ పెడితే, అంతకంటే మంచి నెట్ వస్తుంది.

రెండో రూటర్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ (వైరులో వచ్చిన నెట్‌ను వైఫైగా పంచడం మాత్రమే చేసే పద్ధతి) ఉంటే అది ఎంచుకోండి, అంతటితో పని అయిపోయినట్టే. లేకపోతే ముందు దాని నెట్‌వర్క్ అడ్రసు మార్చండి: ఫైబర్ పెట్టె 192.168.1.1 అయితే దీన్ని 192.168.1.2 చేయండి. తర్వాత ఫోన్లకు, కంప్యూటర్లకు అడ్రసులు పంచే డీహెచ్‌సీపీని ఆపేయండి. కింది నుంచి వచ్చిన వైరును వ్యాన్ పోర్టులో (బయటి నెట్ కోసం ఉన్నది) కాకుండా లాన్ పోర్టులో (ఇంట్లో వస్తువుల కోసం ఉన్నది) పెట్టండి. వ్యాన్‌లో పెడితే మేడ మీద వేరే నెట్‌వర్క్ తయారవుతుంది, పైనున్న ల్యాప్‌టాప్‌కు కింది ప్రింటర్ కనపడదు. రెండు పెట్టెల మధ్య ఒక్క వైరే ఉండాలి. రెండు గుచ్చితే ట్రాఫిక్ వాటి మధ్యే గుండ్రంగా తిరిగి ఇంట్లో నెట్ మొత్తం ఆగిపోతుంది.

వైఫై పేరు, పాస్‌వర్డ్ రెండింటికీ ఒకటే పెట్టండి. 2.4 గిగాహెర్ట్జ్‌లో కింద ఛానెల్ 1 అయితే పైన 6 లేదా 11. ఈ మూడే ఒకదానిమీద ఒకటి పడవు. ఛానెల్‌ను ఆటో సెట్టింగ్‌లో వదిలేయవద్దు. రూటర్‌ను బీరువా పక్కన, టీవీ వెనక పెట్టకండి, ఇనుము సిగ్నల్‌ను ఆపేస్తుంది. డబ్బా మీద రాసి వచ్చిన అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి.

పెరట్లో షెడ్డుకో రొయ్యల చెరువు దగ్గరి గదికో నెట్ కావాలంటే ఆరుబయట రాగి వైరు లాగవద్దు. దగ్గర్లో పిడుగు పడితే ఆ వైరు వెంటే ఇంట్లోకి వస్తుంది. అక్కడికి ఫైబర్ వేసి, రెండు చివర్లా ఫైబర్‌లోని వెలుగును రాగి వైరు సిగ్నల్‌గా, దాన్ని తిరిగి వెలుగుగా మార్చే మీడియా కన్వర్టర్ పెట్టండి. లోపల లోహం లేని ఫైబర్ అడగండి, దానిలో కరెంటు పారదు.

పూర్తయిందో లేదో చూసుకోవడం

స్పీడ్ టెస్ట్ సైట్ చూసి సంతోషపడవద్దు, అది మీ ప్లాన్‌ను కొలుస్తుంది గానీ మీ వైరును కాదు. కంప్యూటర్ సెట్టింగ్స్‌లో ఈథర్‌నెట్ తెరిచి లింక్ స్పీడ్ చూడండి. 1000 ఉండాలి. 100 చూపిస్తే, రెండు చివరలా పోర్టులు గిగాబిట్‌వే అయినప్పుడు, బ్లూ జతలోనో బ్రౌన్ జతలోనో తీగ అందలేదని చాలాసార్లు అర్థం. 100 ఎంబీపీఎస్‌కు 1, 2, 3, 6 చోట్ల తీగలు చాలు, గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి.

తర్వాత వైరు మీద ఉన్న రెండు కంప్యూటర్ల మధ్య ఒక పెద్ద పెళ్ళి వీడియో ఫైలు కాపీ చేయండి. సెకనుకు 110 మెగాబైట్ల దగ్గర నిలకడగా పోతే వైరు బాగున్నట్టే. అయితే పాత హార్డ్ డిస్క్ ఉన్న కంప్యూటర్‌లో డిస్కే వెనకబడొచ్చు, అది వైరు తప్పు కాదు. 11 దగ్గర ఆగితే లింక్ 100కి పడిపోయింది. ఎక్కుతూ దిగుతూ ఉంటే పిన్నులోని వరస చూడండి, జత తప్పి ఉంటుంది. రెండు చివరలూ కోసి, పైన చెప్పిన వరసలో మళ్ళీ వేయండి.