యాసలో పలికిన పేరును సరిగా విని, సరిగా రాసుకోవడం ఎలా

జనాభా లెక్కలకో, ఓటర్ల జాబితాకో, బడి రిజిస్టరుకో, ఆసుపత్రి చీటీకో పేర్లు అడిగి రాసే ఉద్యోగులు చాలామంది తాము పుట్టి పెరిగిన ప్రాంతంలో కాక మరొక ప్రాంతంలో పనిచేస్తుంటారు. వారి చెవికి అలవాటైన తెలుగు ఒకటి, ఎదుటివారు పలికే తెలుగు మరొకటి కావడంతో చెప్పిన పేరు ఒకటైతే కాగితం మీద పడేది ఇంకొకటి అవుతుంది. ఆ పొరపాటు తరువాత పట్టాదారు పాసుపుస్తకంలోనూ, పింఛను కాగితాల్లోనూ, పిల్లల ధ్రువపత్రాల్లోనూ ఏళ్ల తరబడి వెంటాడుతుంది. చెప్పినవారు తప్పుగా పలకడం వల్ల ఇలా జరిగిందని అనుకోవడం న్యాయం కాదు. యాసలో ధ్వనులు ఎలా పడితే అలా మారవు. ఏ అక్షరం ఏ చోట దేనిగా మారుతుందో దానికొక క్రమం ఉంది. ఆ క్రమాన్ని నేర్చుకోవడం పేరు రాసేవారి బాధ్యత. అది నాలుగు రోజుల శ్రద్ధతో అబ్బే విద్యే.

మొదట పేరు చెబుతున్న మనిషి ఏ ప్రాంతానికి చెందినవారో తెలుసుకోవాలి. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వ్యవసాయ పదాలనూ, 1971లో చేనేత పదాలనూ ఊరూరా సేకరించి ప్రచురించినప్పుడు తెలుగు నేలను స్థూలంగా నాలుగు మాండలిక మండలాలుగా చూపించారు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతం ఒకటి, గోదావరి, కృష్ణా, గుంటూరు ప్రాంతం ఒకటి, నెల్లూరుతో కూడిన రాయలసీమ ఒకటి, తెలంగాణ ఒకటి. పేర్లు రాసే పనికి ఈ విభజన చాలావరకు సరిపోతుంది. అయితే మనిషి ఇప్పుడు నివసిస్తున్న ఊరు ఒక్కటే అడిగితే చాలదు. పనుల కోసం వలస వచ్చిన కుటుంబాల్లో పేరు పాత ఊరి పలుకుబడిలోనే ఉంటుంది కనుక పుట్టిన ఊరు, పెద్దల ఊరు కూడా అడగాలి.

తరువాత తెలుసుకోవలసినది ఆ పేరు ఏ దేవుడి పేరు, ఏ క్షేత్రం పేరు అన్నది. నా దృష్టిలో ఇంతకు మించిన ఆధారం మరొకటి లేదు. ఒక్క నరసింహస్వామినే తీసుకుంటే ఉత్తరాంధ్రలో సింహాచలం కొండ మీది స్వామి అప్పన్న గనుక అక్కడ అప్పన్న, అప్పలస్వామి, అప్పలనాయుడు, సింహాద్రి, సింహాచలం అనే పేర్లు ఇంటింటా వినిపిస్తాయి. తెలంగాణలో యాదగిరిగుట్ట స్వామి పేరు మీద యాదగిరి, యాదయ్య, యాదమ్మ ఉన్నారు. నెల్లూరు ప్రాంతంలో పెంచలకోన స్వామి వల్ల పెంచలయ్య, పెంచలమ్మ వచ్చారు. కదిరి చుట్టుపక్కల కదిరప్ప వినిపిస్తుంది. అహోబిలం స్వామి పేరు రాయలసీమలో ఓబులేసు, ఓబయ్య, ఓబుల్‌రెడ్డి అయింది. అహోబలేశుడు ఓబులేసు కావడంలో పైన చెప్పిన క్రమం స్పష్టంగా కనిపిస్తుంది: మొదటి అకారం రాలిపోయింది, హకారం తేలిపోయి ఓకారం మిగిలింది, శకారం సకారమైంది. కర్నూలు పడమటి పల్లెల్లో ఉరుకుంద ఈరన్నగా కొలుపులందుకునేది కూడా నరసింహస్వామే. అక్కడి ఈరన్నలకూ, ఉరుకుందులకూ ఆ పేర్లు ఆ క్షేత్రం నుంచే వచ్చాయి. ఇలాంటి పేరు విన్నప్పుడు వినిపించింది వింతగా ఉందని మనకు తెలిసిన మరొక పేరుకు దిద్దకుండా, మీ ఇలవేల్పు ఎవరు, మొక్కు ఏ గుడిలో చెల్లిస్తారు అని మర్యాదగా అడిగితే పేరు అక్షరాలతో సహా తేటపడుతుంది.

ఇప్పుడు ధ్వనుల సంగతి చూద్దాం. ఇ, ఈ, ఎ, ఏ అచ్చుల ముందు పదం మొదట్లో ఉండే వకారం పల్లె మాటలో తరచుగా లోపిస్తుంది. వెంకన్న ఎంకన్న అవుతాడు, వీరయ్య ఈరయ్య అవుతాడు, విజయనగరం ఇజీనారం అవుతుంది. అంతమాత్రాన ఎకారంతో మొదలైన ప్రతి పేరుకూ వకారం చేర్చకూడదు. ఎల్లయ్యకు ఆ పేరు ఎల్లమ్మ తల్లి వల్ల వచ్చింది. అందులో ఎప్పుడూ వకారం లేదు. శ, ష, స మూడూ చాలాచోట్ల సకారంగానే పలుకుతాయి కాబట్టి సంకరయ్య అని వినిపించినవారు శంకరయ్య కావచ్చు. క్ష అనే సంయుక్తాక్షరం చ్చ అవుతుంది: లక్ష్మయ్య లచ్చయ్య, లక్ష్మమ్మ లచ్చమ్మ. కృష్ణయ్య కిష్టయ్య అవుతాడు. సత్యం సత్తెం అవుతుంది. ఒత్తక్షరాలు తేలికవుతాయి: భీమవరం బీమవరంగా, ధర్మవరం దర్మవరంగా, ఖమ్మం కమ్మంగా వినిపిస్తాయి. పదం మొదటి హకారం కూడా అలాగే జారిపోయి హనుమంతు అనుమంతుగా వినబడతాడు. తెలంగాణలోనూ, ఇతర చోట్ల పల్లెల్లోనూ ణకారం నకారానికి, ళకారం లకారానికి దగ్గరగా పలుకుతాయి. అందువల్ల నారాయణ నారాయనగా, నీళ్లు నీల్లుగా వినిపిస్తాయి.

ఇక్కడ రాసేవారు అన్నిటికంటే జాగ్రత్తగా తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. బాస్కర్ అని పలికిన మనిషి పేరు భాస్కరే. అక్కడ మారింది పలుకు మాత్రమే, రాతలో భకారం రాయాలి. కిష్టయ్య, లచ్చయ్య, ఈరన్న అలా కాదు. ఆ రూపాలు ఏనాడో స్వతంత్రమైన పేర్లుగా స్థిరపడ్డాయి. తల్లిదండ్రులు బిడ్డకు పెట్టిన పేరే లచ్చయ్య అయినప్పుడు దాన్ని లక్ష్మయ్యగా మార్చే హక్కు రిజిస్టరు రాసేవారికి లేదు. చదువుకున్నవారి చేతిలో ఈ దిద్దుబాటు మంచి ఉద్దేశంతోనే జరుగుతుంది. దాని ఫలితంగా ఒకే మనిషి భూమి కాగితంలో ఒక పేరుతో, బ్యాంకులో మరొక పేరుతో మిగిలి, తానే ఆ మనిషినని రుజువు చేసుకోవలసి వస్తుంది. పలుకు మారిందా, పేరే వేరా అన్నది ఊహించి నిర్ణయించకుండా, ఆ మనిషి సంతకం ఎలా చేస్తారో, పాత కాగితం ఏదైనా ఉంటే అందులో ఏముందో చూసి తేల్చుకోవాలి.

కొన్ని తేడాలు పల్లెకూ పట్నానికీ, చదువుకున్నవారికీ చదువుకోనివారికీ సంబంధించినవి కావు. అవి ప్రాంతాల మధ్య తేడాలు. కోస్తాలో నరేంద్ర, సురేంద్ర, మహేంద్ర అయినవారు తెలంగాణలో నరేందర్, సురేందర్, మహేందర్ అవుతారు. కోస్తాలోని రవీంద్రారెడ్డి తెలంగాణలో రవీందర్‌రెడ్డి. రామచంద్రరావు రాంచందర్‌రావు అవుతాడు. నరసింహులు మెతుకుసీమ, అంటే మెదక్ వైపు నర్సింలు అవుతాడు. తరతరాలుగా ఉర్దూ పక్కనే బతికిన తెలుగులో చివరి అచ్చు జారిపోయి ఈ రూపాలు ఏర్పడ్డాయి. వీటిలో ఏదీ మరొకదానికి అపభ్రంశం కాదు. బహువచనాలలో తెలంగాణ, రాయలసీమ వారు ఇండ్లు, కండ్లు, బండ్లు అంటారు. కోస్తా వారు ఇళ్లు, కళ్లు, బళ్లు అంటారు. బండి అనే మాటకు లు చేరితే మొదట ఏర్పడేది బండ్లు. బళ్లు దాని నుంచి తరువాత మారిన రూపం. పెండ్లి, పెళ్లి కూడా ఇంతే. కనుక ఎవరైనా పెండ్లి అన్నప్పుడు దాన్ని మోటుమాటగా భావించి పెళ్లి అని సరిచేసేవారు నిజానికి పాత రూపాన్ని కొత్త రూపంతో దిద్దుతున్నారు. బండ్లగూడ, బండ్ల వంటి ఊరిపేర్లూ ఇంటిపేర్లూ ఈ రూపాన్నే నిలుపుకున్నాయి. వాటిని ఉన్నవి ఉన్నట్లే రాయాలి.

అడిగే పద్ధతిలో కూడా మెలకువ అవసరం. పేరు మొదటిసారి సహజంగా చెప్పినప్పుడే చెవి పెట్టి విని, వినిపించినట్లే రాసుకోవాలి. మళ్లీ ఒకసారి నిదానంగా చెప్పండి అంటే చాలామంది అధికారి ముందు ఉన్నామన్న జంకుతో పుస్తకాల తెలుగులోకి మారిపోతారు. రెండోసారి చెప్పినది పనికిరాదని కాదు. రెండూ వేర్వేరు సమాచారాలు కనుక పుస్తకంలో రెండు గడులు గీసుకుని, ఒకదానిలో విన్న రూపం, మరొకదానిలో వారు కాగితాల్లో వాడే రూపం రాసుకోవాలి. వెంకటేశ్వర్లేనా అని మనమే పేరు అందించి అడగకూడదు. అలా అడిగితే మర్యాదకు ఔనంటారు, తప్పు అక్కడే ఖాయమైపోతుంది. మీ పెద్దాయన మిమ్మల్ని ఏమని పిలిచేవారు, సంతకం ఏమని పెడతారు అని అడగడం మేలు. చివరికి రాసినది పైకి చదివి వినిపించి, వారు ఒప్పుకున్న తరువాతే తరువాతి పేరుకు వెళ్లాలి. వెనక ఎంత పెద్ద వరుస ఉన్నా ఈ మెట్టు దాటవేయకూడదు.

ఊరి పేర్లకు వచ్చేసరికి ప్రభుత్వ బోర్డు మీది రూపానికీ జనం నోటి రూపానికీ దూరం ఇంకా ఎక్కువ. శ్రీకాకుళం అక్కడివారికి సిక్కోలు. మచిలీపట్నం బందరు. మహబూబ్‌నగర్ పాలమూరు, నిజామాబాద్ ఇందూరు. రాజమండ్రికి 2015లో రాజమహేంద్రవరం అన్న పేరును అధికారికంగా తిరిగి ఇచ్చినా జనం మాటలో రాజమండ్రే వినిపిస్తుంది. ఊరి పేరు అడిగేటప్పుడు, బస్సెక్కితే కండక్టరుకు ఏ ఊరని చెప్పి టికెట్ తీసుకుంటారు అని అడిగితే వాడుకలోని రూపం తేలికగా బయటపడుతుంది. పొట్టి పేర్లతో మాత్రం జాగ్రత్తగా ఉండాలి. పశ్చిమ గోదావరిలో గూడెం అంటే తాడేపల్లిగూడెం, ఖమ్మం వైపు గూడెం అంటే కొత్తగూడెం. పల్నాడులో పేట అన్న మాట నరసరావుపేట కావచ్చు, చిలకలూరిపేట కావచ్చు. కాబట్టి మండలం పేరు అడగకుండా రాయకూడదు. ఊరి పేరు తోక కూడా గమనించాలి. మదనపల్లె చివర ఉన్నది ఎకారం. కూకట్‌పల్లికి అలవాటు పడిన చేయి అక్కడ కూడా పల్లి అనే రాసేస్తుంది.

లిపి చూపించని ధ్వనులు కొన్ని ఉన్నాయి. చదువు, చాప వంటి మాటల్లోని చకారం చీమలోని చకారం కాదు. మొదటిది నాలుక కొనను పళ్ల దగ్గర ఆనించి పలికేది. జకారానికీ ఇదే వర్తిస్తుంది. ఒకప్పుడు ఈ తేడా చూపడానికి ౘ, ౙ అని పైన గుర్తు పెట్టి రాసేవారు. ఇప్పుడు ఆ అక్షరాలు వాడుకలో లేకపోయినా, పదాలు సేకరించేవారు తమ సొంత పుస్తకంలో వాటిని వాడుకోవడం మంచిది. అలాగే మేక, పేట అన్నప్పుడు ఏకారం తరువాత అకారం ఉండటం వల్ల నోరు కొంచెం ఎక్కువ తెరుచుకుని, రాసిన ఏకారానికీ యాకారానికీ మధ్యస్థమైన ధ్వని వెలువడుతుంది. దాన్ని విని సూర్యాపేటను మరోలా రాయవలసిన పని లేదు. మాట ఎత్తుపల్లాలు, సాగదీతలు పేరు రాతకు సంబంధించినవి కావు, వాటిని వదిలేయవచ్చు.

పేరు పైకి చదివి పిలిచేటప్పుడు ఆ మనిషి పేరు రూపాన్ని పాటించాలి, వారి యాసను అనుకరించకూడదు. కిష్టయ్యగారిని కిష్టయ్యగారూ అనే పిలవాలి, కృష్ణయ్యగారూ అంటే ఆయన పలకకపోవచ్చు. భాస్కర్‌గారిని మాత్రం వారు పలికినట్లు బాస్కర్ అని పిలిస్తే వెక్కిరించినట్లు అవుతుంది. తరగతి గదిలో హాజరు పిలిచే ఉపాధ్యాయులు దీన్ని మరింత శ్రద్ధగా పాటించాలి. తన పేరు అందరిముందు నవ్వులపాలైన పిల్లవాడు ఆ తరువాత ఇంట్లో మాట్లాడే తెలుగును బడిలో దాచుకుంటాడు.

పేరు తెలుగు లిపి దాటి వెళ్లినప్పుడు మరికొన్ని చిక్కులు తోడవుతాయి. దక్షిణాదిలో తకారానికి ఇంగ్లీషులో టి, హెచ్ కలిపి రాయడం వాడుక. ఆ రాత చూసి ఉత్తరాదివారు లతను లథగా, సునీతను సునీథగా చదువుతారు. హోసూరు, కృష్ణగిరి వైపు తెలుగువారి పేర్లు తమిళ లిపిలో నమోదవుతాయి. ఆ లిపిలో క, గలకూ, త, దలకూ, ప, బలకూ వేరువేరు అక్షరాలు లేవు కాబట్టి కాగితం మీద ఉన్నది గంగయ్యో కంగయ్యో లిపిని బట్టి తేలదు. ఇంగ్లీషు నుంచో తమిళం నుంచో పేరును తిరిగి తెలుగులోకి దించవలసి వస్తే అక్షరానికి అక్షరం మార్చుకుంటూ పోకూడదు. ఆ మనిషికో, వారి ఇంటివారికో ఫోను చేసి నోటితో చెప్పించుకుని రాయాలి. వీలైతే వారి అనుమతితో ఆ పలుకును రికార్డు చేసి, పుట్టిన ఊరు, మండలం, వయసు, రాసుకున్న తేదీ పక్కనే చేర్చి దాచాలి. రెండు కాగితాల్లో రెండు రూపాలు కనిపించి ఏది సరైనదన్న ప్రశ్న వచ్చిన రోజున అది ఆధారంగా నిలుస్తుంది.