పాత కారు: ఏం చేయాలో తేలేదాకా ఒక్క బోల్టూ విప్పనివ్వకండి

మొన్న ఆటోనగర్‌లో ఓ షెడ్డులో పాత ఫియట్ ఒకటి జాకీ మీద నుంచి పడింది. జాకీ బాగానే ఉంది. అది ఆనిన చోట పైన పెయింటు, లోపల తుప్పు పొడి తప్ప రేకనేదే లేదు. బరువు పడేసరికి జాకీ తల లోపలికి దిగిపోయింది, చక్రం విప్పుతున్న కుర్రాడి వేళ్లు బ్రేకు డ్రమ్ము కింద నలిగాయి. ఇంతకీ ఆ కారు బాగు చేయించుకోవాలో అమ్మేయాలో ఆ ఇంటివాళ్లు ఇంకా తేల్చుకోనే లేదట. “విప్పితేనే కదండీ తెలిసేది” అన్నాడట మేస్త్రి, వీళ్లు సరేనన్నారు.

వానలు పడేలోపు మన విజయవాడ, గుంటూరు ఆటోనగర్లలో ఇలా విప్పే కార్లు చాలా ఉంటాయి. సెలవులకు హైదరాబాద్ నుంచో అమెరికా నుంచో వచ్చిన అబ్బాయి తాతగారి షెడ్డులో టార్పాలిన్ ఎత్తి చూస్తాడు, కింద అంబాసిడరో పద్మినీయో ఉంటుంది, ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెడతాడు, సాయంత్రానికల్లా బాబాయిలు, మేనత్తలు అందరూ ఎమోషనల్ అయిపోతారు, మర్నాడు కారుకి తాడు కట్టి ఆటోనగర్‌కి లాక్కుపోతారు. సెలవులు అయిపోతాయి, అబ్బాయి వెళ్లిపోతాడు, కారు మాత్రం ముక్కలుగా అక్కడే పడి ఉంటుంది.

బ్యాటరీ, ఆయిలు, టైర్ల సంగతి ఎవరైనా చెప్తారు, నేను వాటి జోలికి పోను. బాగు చేయించడమా, ఉన్నదున్నట్టు అమ్మడమా, పార్టులుగా అమ్మడమా, ఈ మూడింట్లో ఏదో ఒకటి తేలేదాకా కారు విప్పనివ్వకండి. ఎందుకంటే కదలకపోయినా, అద్దాలు పగిలినా, పూర్తిగా ఉన్న కారు కారే, దానికి కొనేవాడు ఎవడో ఒకడు దొరుకుతాడు. విప్పిన కారు చూడ్డానికి వచ్చినవాడికి గోనెసంచుల్లో బోల్టులు, గోడకి ఆనించిన డోర్లు కనిపిస్తాయి, ఏది ఉందో ఏది పోయిందో మీకే తెలియదు, ఇక అతను కాటా రేటు తప్ప ఇంకేం చెప్తాడు? పద్మిని బరువు టన్ను కూడా ఉండదు, ఇవాళ్టి ఇనుము రేటుతో మీరే గుణించి చూసుకోండి. పోనీ బాగు చేయిద్దామంటే విప్పిన మేస్త్రి షెడ్డు ఖాళీ చేసి వెళ్లిపోయి ఉంటాడు, వేరేవాళ్లు విప్పిన బండిని ముట్టుకోవడానికి ఇంకో మేస్త్రి ఒప్పుకోడు. పార్టులుగా అమ్ముదామన్నా, డబ్బులొచ్చే పార్టులే ముందు మాయమవుతాయి. నేను చూసినంతలో తుప్పు తిన్న కార్ల కంటే స్పానర్లు తిన్న కార్లే ఎక్కువ.

విప్పకుండా చూడొచ్చు

అంబాసిడర్‌కి గానీ ఫియట్, పద్మినికి గానీ విడిగా ఛాసిస్ ఉండదు. రేకు బాడీయే దాని ఎముకల గూడు. అందుకని బానెట్ మీద, డోర్ల మీద కనిపించే తుప్పు చూసి భయపడకండి, అవి బోల్టులతో ఊడొచ్చే రేకులు, మార్చుకోవచ్చు. చూడాల్సింది కింద. డోర్ల కింద ముందు నుంచి వెనక్కి వెళ్లే రేకు బాక్సు, అదే సిల్. వెనక కమాన్ కట్టలు, అంటే పట్టీల స్ప్రింగులు, బిగించిన చోట్లు. డోరు పిల్లర్ల అడుగు. అంబాసిడర్ అయితే ముందు టార్షన్ బార్లు, అంటే మెలిపడుతూ స్ప్రింగులా పనిచేసే ఇనుప కడ్డీలు, వెనక్కి వచ్చి ఆగే చోటు. జీపు గానీ, మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ గానీ అయితే లెక్క వేరు, వాటికి ఛాసిస్ విడిగా ఉంటుంది, పైన బాడీ జల్లెడైపోయినా కింద ఛాసిస్ గట్టిగా ఉంటే ఆశ ఉన్నట్టే.

మ్యాట్లు ఎత్తండి. అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి సిల్ పొడుగునా జరపండి, పట్టు వదిలిన చోట లోపల పుట్టీ ఉంది. స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి, మంచి రేకు ఖంగుమంటుంది, పోయిన రేకు డబ్బుమంటుంది. డోరు సగం తెరిచి అంచు పట్టుకుని పైకి లేపి చూడండి. హింజి అరిగితే డోరు ఒక్కటే ఊగుతుంది, డోరుతో పాటు పిల్లరు కూడా కదిలితే మాత్రం ఆ బండి మీద పెట్టే ప్రతి రూపాయీ ఒకటికి రెండుసార్లు ఆలోచించి పెట్టాల్సిందే. వీటిలో దేనికీ స్పానర్ అక్కర్లేదని గమనించండి.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్, పాయకాపురం వైపు నీళ్లలో ఉన్న కార్లకి ఇంకో బాధ ఉంది. పైన కడిగేశారు, సీట్లు ఎండబెట్టారు, కానీ సిల్ లోపల చేరిన ఒండ్రు అలాగే ఉండిపోయింది, తడి పట్టుకుని లోపలి నుంచి తింటూ ఉంటుంది. సిల్ అడుగున నీళ్లు కారే చిన్న కన్నాలుంటాయి, తీగతో పొడవండి. మట్టి రాలిందంటే పైన ఎంత మెరుస్తున్నా నమ్మకండి. బాపట్ల వైపు సముద్రపు గాలి తగిలిన బండికీ ఇదే పరీక్ష.

కాగితాలు కారు కంటే ముందు

ఆర్‌సీ ఎవరి పేరు మీద ఉంది? చాలా ఇళ్లలో ఇప్పటికీ తాతగారి పేరు మీదే ఉంటుంది, ఆయన పోయి ఎన్నేళ్లయినా. యజమాని పోతే 30 రోజుల్లో ఆర్టీఓకి తెలపాలి, మూడు నెలల్లో ఫారం 31తో వారసుడి పేరుకి మార్పించుకోవాలి. మీరది ఎప్పుడో దాటిపోయి ఉంటారు, ఇప్పుడు మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసుల ఒప్పుదల అన్నీ కావాలి. గుంటూరులో ఉన్న పెద్దబాబాయి సంతకం పెట్టనంటే మీ రీస్టోరేషన్ మొత్తం షెడ్డు అలంకారానికే. పాత పుస్తకం ఆర్‌సీ అయితే వివరాలు కంప్యూటర్‌లో ఎక్కాయో లేదో కూడా చూసుకోండి, ఎక్కకపోతే రెన్యువల్ లేదు, పేరు మార్పు లేదు.

వింటేజ్ నంబరు తెచ్చుకుని దర్జాగా తిరుగుదాం అనుకునేవాళ్లకి రెండు మాటలు. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం బండికి 50 ఏళ్లు దాటాలి, ఛాసిస్, బాడీ, ఇంజన్ మార్చకుండా అసలు రూపంలో ఉండాలి, రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. ప్రదర్శనలకి, ర్యాలీలకి, పెట్రోలుకి, రిపేరుకి తప్ప రోజూ బెంజ్ సర్కిల్ మీదుగా ఆఫీసుకి వెళ్లడానికి అది కుదరదు. మామూలు ఆర్‌సీతోనే తిరగాలంటే ఐదేళ్లకోసారి రెన్యువల్, 20 ఏళ్లు దాటిన కారుకి ఆ ఫీజు 2025లో 10,000 అయింది.

సరే, మరి ఏం చేయాలి

కింద గట్టిగా ఉంది, కాగితం శుభ్రంగా ఉంది, గ్రిల్లు, బంపర్లు, మీటర్లు, హ్యాండిళ్లు అన్నీ ఉన్నాయి, పైకప్పున్న చోటు ఉంది: బాగు చేయించండి. ఇంజన్ పాడైందని వెనకాడకండి, బోరింగ్, పిస్టన్లు, లేత్ పని మన ఆటోనగర్‌లో జరగనిది కాదు. దొరకనివి క్రోమ్ సామాన్లు, అద్దాలు, రబ్బరు బీడింగులు. కింద గట్టిగా ఉండి డబ్బో ఓపికో లేకపోతే ఉన్నదున్నట్టు అమ్మేయండి, దుమ్ము కూడా దులపకుండా, అవును, కొత్త పెయింటు వేసి అమ్మితే తెలిసినవాడు అనుమానపడతాడు. కింద పోయి, కాగితమూ చిక్కుల్లో ఉంటేనే పార్టులు. మూడో దారి పట్టినవాళ్లు కూడా ఆర్‌సీ రద్దయ్యేదాకా విప్పకండి.

ఇక మిగతావి వరసగా చెప్తాను, చదువుకోండి.

- “ముందు విప్పి, తర్వాత ఎస్టిమేట్ చెప్తా” అన్న మేస్త్రికి దండం పెట్టి ఇంటికి రండి.
- చెప్పిన ఎస్టిమేట్‌ని రెట్టింపు చేసి, అదీ చేతిలో ఉంటేనే అడ్వాన్స్ ఇవ్వండి.
- టింకరింగ్, అంటే రేకు పని, పూర్తయ్యాకే పెయింటు మాట. అడుగు బాగు కాకుండా ఇంజన్ మీద డబ్బు పెట్టకండి.
- సిల్ కోసే ముందు డోరు ఖాళీలో అడ్డంగా పైపు వెల్డింగ్ చేయించాలి. లేకపోతే బాడీ నడుము వంగుతుంది, ఆ తర్వాత డోర్లు జన్మలో సరిగా పడవు.
- తుప్పు బండిని సిల్ కింద జాకీ పెట్టి లేపొద్దు. వెనక యాక్సిల్ కింద పెట్టండి, స్టాండ్లు పెట్టండి. ఇటుకల మీద నిలబెట్టొద్దు.
- జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కింద దూరొద్దు. కుర్రాళ్లని దూరనివ్వొద్దు.
- పెట్రోలు ట్యాంకుకి వెల్డింగ్ పెట్టొద్దు. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదం, లోపలంతా ఆవిరే. ఆ ఆవిరి గాలి కంటే బరువు, సర్వీసింగ్ గుంతలో చేరి కూర్చుంటుంది.
- అంబాసిడర్ టార్షన్ బారు, ఫియట్ ముందు స్ప్రింగు ఇంట్లో విప్పొద్దు. బిగువు మీద ఉంటాయి, కొడితే మనిషి మిగలడు.
- పాత బ్రేకు డ్రమ్ముల్లో దుమ్ముని గాలి పైపుతో ఊదొద్దు, పాత లైనర్లలో ఊపిరితిత్తుల్ని పాడుచేసే ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడిగుడ్డతో తుడవండి.
- తుప్పు వదులుతుందని బాత్రూం యాసిడ్ పోయొద్దు, అది అతుకుల్లో ఉండిపోయి ఇంకా తింటుంది.
- సీటు కింద చెయ్యి పెట్టే ముందు కర్రతో తట్టండి. షెడ్డులో ఏళ్ల తరబడి పడున్న బండిలో పాముండటం వింత కాదు.
- ఆర్‌సీ పుస్తకాన్ని, ఛాసిస్ నంబరు ప్లేటుని విడిగా ఎవరికీ అమ్మొద్దు, ఎంతిస్తామన్నా. రేపు దొంగబండి మీద మీ తాతగారి నంబరు కనిపిస్తుంది.
- తుక్కుకి ఇస్తే గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ సెంటర్‌కే ఇవ్వండి, బండి అప్పగించినట్టు వాళ్లిచ్చే డిపాజిట్ సర్టిఫికెట్ తీసుకోండి, ఆర్‌సీ రద్దయిందో లేదో చూసుకోండి.
- అమ్మితే పేరు మార్పు కాగితాలైన ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి ఊరుకోకండి. పేరు మారే వరకు వెంటపడండి. రికార్డులో ఎవరి పేరుంటే యాక్సిడెంట్ పరిహారం వాళ్ల మెడకే అని 2018లో సుప్రీంకోర్టు తేల్చేసింది.
- డబ్బు మొత్తం చేతికి రాకుండా బండి కదలనివ్వొద్దు.
- ఈ నెలలో ఏదీ తేలలేదా? నాలుగు చక్రాలూ ఉండగానే పైకప్పు కిందకి తోయించండి, కింద గాలి ఆడనివ్వండి, నేలకి ఆనేలా టార్పాలిన్ కప్పొద్దు, బ్యాటరీ వైరు తీసి పక్కన పెట్టండి. అంతకు మించి ఇంకేదీ ఊడదీయొద్దు.